గోల్ గీత మీద సున్నం

2022 మే నెలాఖరులో గల్ఫ్‌లోని మా అజ్మాన్ ఆఫీసు నుంచి నన్ను కల్బాకి ఆరు వారాల డ్యూటీ మీద పంపారు. నా హోదా గ్రౌండ్స్ సూపరింటెండెంట్. పేరు ఘనంగా ఉంటుంది కానీ పని గడ్డి పెంచడం. వ్యవసాయ శాస్త్రం చదివి, ఎడారికి వచ్చి, ఏ గొడ్డూ మేయని గడ్డి పెంచుతున్నానని మా ఆవిడ నన్ను పద్నాలుగేళ్లు ఆటపట్టించింది.

కల్బాలో మా కంపెనీ చూసుకునే ప్రైవేటు ఫుట్‌బాల్ మైదానం ఒకటి ఉండేది. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం. ఆ జూలైలో మొరాకోలో ఆఫ్రికా దేశాల మహిళల ఫుట్‌బాల్ పోటీలు జరగాల్సి ఉంది. వాటికి వెళ్తున్న పశ్చిమాఫ్రికా జట్టు ఒకటి, ఎండకి ఒళ్లు అలవాటు కావడానికని, మూడు వారాలు మా మైదానంలో శిబిరం పెట్టుకుంది. దేశం పేరు ఇక్కడ రాయను, వాళ్ల ఇబ్బందిని నేను బజారున పెట్టడం మర్యాద కాదు. అంతకుముందు పోటీలు జరిగింది 2018లో. 2020లో జరగాల్సినవి కరోనా వల్ల రద్దయ్యాయి. అంటే ఆ అమ్మాయిలకి ఇది నాలుగేళ్ల నిరీక్షణ.

మైదానం పని బయటివాళ్లకి తేలిగ్గా కనిపిస్తుంది. పైన ముదీర్, అంటే మేనేజరు. ఆయన కింద నేను. నా కింద ఫోర్‌మన్, ఆ కింద ఆరుగురు గ్రౌండ్స్‌మెన్. ఉప్పునీటిని తట్టుకునే రకం గడ్డి వేస్తాం, దాన్ని బొటనవేలి గోరు వెడల్పుకి మించి పెరగనివ్వం. నీళ్లు పెట్టే ముందు ఉప్పెంత, క్షారమెంత అని చూస్తాం. క్షారం చూడడానికి రంగు మారే కాగితపు పట్టీలు ఉంటాయి. ఆ డబ్బా ఎప్పుడూ నా చొక్కా జేబులోనే ఉండేది. "సార్ గడ్డికి గూడ బీపీ చూస్తడు" అని మా ఫోర్‌మన్ రాజన్న కొత్తవాళ్లకి నన్ను పరిచయం చేసేవాడు.

రాజన్నది జగిత్యాల దగ్గర పల్లె. అప్పటికి యాభైకి దగ్గర పడ్డాడు. ఇక్కడికి వచ్చి సజ్జాలో ఫ్యాక్టరీ పనితో మొదలుపెట్టి, సైట్లలో తాపీ పని చేసి, చివరికి మా దగ్గర గడ్డి మీదికి వచ్చాడు. గీతలు గీయడంలో అతన్ని మించినవాడు నాకు తారసపడలేదు. ఫుట్‌బాల్ గీత పన్నెండు సెంటీమీటర్లు మించకూడదు. గోల్ గీత మాత్రం కచ్చితంగా గోల్ స్తంభం ఎంత మందమో అంతే ఉండాలి. తాడు బిగించి, నీళ్లలో కలిపే తెల్లరంగుని చిన్న బండితో కొట్టుకుంటూ పోవాలి. గడ్డి కోసిన ప్రతిసారీ గీత సగం పోతుంది, మళ్లీ కొట్టాలి. రాజన్న తాడు లేకుండా గీసినా తేడా వచ్చేది కాదు.

శిబిరం రెండో వారంలో ఒక ఆదివారం నేను అజ్మాన్‌లో ఇంట్లో ఉన్నాను. సాయంత్రం రాజన్న ఫోన్ చేశాడు. తెల్లరంగు డబ్బాలతో సజ్జా గోడౌన్ నుంచి రావలసిన బండి దారిలో చెడిపోయింది. సోమవారం పొద్దున్నే జట్టు పూర్తి మైదానం మీద ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టుకుంది.

"రంగు అయిపోయింది సార్. రెండు దిక్కుల గోల్ ముంగటి గీతలే మిగిలినయ్. పక్క సైటుల సున్నం బస్తాలున్నయ్, అడిగితె ఇస్తరు. గీయమంటరా? మా ఊర్ల కబడ్డీకి గదే గీస్తుంటిమి."

నేను ఆ మాట స్పష్టంగా విన్నాను. సున్నం అనగానే నాకు మా గుంటూరు స్కూలు మైదానం కళ్ల ముందుకొచ్చింది. ఆటల పోటీలకి డ్రిల్లు మాస్టారు డబ్బాకి చిల్లులు పొడిచి, సున్నం చల్లుకుంటూ పోయేవారు. మేమంతా దాని మీదే పరిగెత్తాం. పైగా ఆ సమయానికి ఇంటికి చుట్టాలొచ్చి ఉన్నారు. "గీసెయ్ రాజన్నా, పొద్దునకి గీత కనపడాలి, అంతే" అన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి ఇంకొక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆమ్ల నేలకి సున్నం ఎంత వేయాలో చదువుకుని పరీక్ష రాసినవాణ్ణి. తడిసిన సున్నం చర్మాన్ని తింటుందని నాకు తెలియక కాదు. మా స్కూలు మైదానం ఎండకి ఎండిన మట్టి. మేం దాని మీద నిలబడి పరిగెత్తామే గాని మొహం ఆనించి పడలేదు. కల్బా మైదానం సముద్రపు మంచుతో, తెల్లవారుజామున పెట్టే నీళ్లతో తడిసి ముద్దయి ఉంటుంది. దాని మీద గోల్‌కీపర్లు పొర్లుతారు. ఈ తేడా ఆ సాయంత్రం నా బుర్రకి తట్టలేదు.

సోమవారం తెల్లవారకముందే బయల్దేరి ఆరింటికి కల్బా చేరాను. గీతలు ముత్యాల్లా ఉన్నాయి. రంగు కంటే తెల్లగా ఉన్నాయని రాజన్నని మెచ్చుకున్నాను కూడా.

మహిళల జట్టు ఆడుతున్నప్పుడు మాకు ఒక నియమం ఉండేది. మైదానం చుట్టూ తాడు కడతారు. మగ సిబ్బంది తాడు ఇవతలే ఉండాలి, ఫోన్లు గదిలో పెట్టి రావాలి. పిలిస్తే తప్ప లోపలికి అడుగు పెట్టకూడదు. దీన్ని మీరినవాణ్ణి అదే రోజు డ్యూటీ నుంచి తీసేస్తారు. నేను, రాజన్న తూర్పు గోల్ వెనక తాడు పక్కన నిలబడి చూస్తున్నాం.

ఆ గోల్‌లో ఉన్నది గ్రేస్. వయసు ఇరవై ఏడు, జట్టుకి మొదటి గోల్‌కీపరు. రోజూ అందరికంటే ముందు వచ్చి, స్తంభాల మధ్య అడుగులు కొలుచుకుని, మాకు చెయ్యి ఊపి పని మొదలుపెట్టేది. 2020 పోటీలకి జట్టులో చోటు దొరికాక అవి రద్దయ్యాయని వాళ్ల ఫిజియో మేబెల్ నాకొకసారి చెప్పింది. మేబెల్ అరవైకి దగ్గరగా ఉన్న పెద్దావిడ. అమ్మాయిలంతా ఆమెని ఆంటీ అనేవాళ్లు.

ఆరూ నలభై రెండుకి బంతి గోల్ మూలకి వచ్చింది. గ్రేస్ అడ్డంగా ఎగిరి దాన్ని ఆపింది. కింద పడి, గోల్ గీత వెంబడి మొహం ఆనించి జారింది. లేచి గ్లవ్‌తో కుడి కన్ను నులుముకుంది. గ్లవ్ నిండా తెల్లటి ముద్ద. ఇంకోసారి నులుముకుని, అక్కడే మోకాళ్ల మీద కూలబడింది.

మేబెల్ నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తింది. రెండు గుక్కలంత నీళ్లు కంట్లో కొట్టి, తాడు దగ్గరికి వచ్చి నన్ను ఇంగ్లిషులో అడిగింది, ఆ గీత దేనితో గీశారని. ఆ ప్రశ్న నన్ను ఉద్దేశించే అడిగింది. నేను మార్కింగ్ మెటీరియల్ అన్నాను. రంగా, చాకా అని మళ్లీ అడిగింది.

చాక్ లాంటిది అన్నాను.

అబద్ధం చెబుదామని ముందే అనుకుని చెప్పింది కాదది. నోరు దానంతటదే ఆ మాట వెతుక్కుంది. చాక్ అయితే తుడిచి రెండు నిమిషాలు కూర్చోబెడితే సరిపోతుంది. మేబెల్ అదే చేసింది. తడిగుడ్డతో తుడిచి, కన్ను మూసుకుని కూర్చోమంది. తుడిస్తే పోయేదైతే నా ఉద్యోగానికీ, రాజన్న ఉద్యోగానికీ ఏమీ కాదు. నేను ఆ ఆశతో నిలబడ్డాను. గ్రేస్ కూర్చోలేకపోతోంది. మడమలతో గడ్డిని తన్నుతోంది.

గీతలు గీసే బండి మా పక్కనే తాడుకి ఇవతల ఉంది. దాని అంచున రాత్రి మంచుకి తడిసిన సున్నం అంటుకుని ఉంది. ఎందుకో నా చెయ్యి జేబులోకి పోయి కాగితపు పట్టీ తీసింది. దాన్ని ఆ తడికి ఆనించాను. పట్టీ ముదురు నీలం దాటి ఊదారంగుకి పోయింది. డబ్బా మీద అంతకు మించిన రంగు లేదు. తెలిసిన సంగతిని మళ్లీ పరీక్షించడం కాలయాపన తప్ప ఇంకేమీ కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను.

రాజన్న ఆ పట్టీ చూశాడు, నన్ను చూశాడు.

"సార్, సున్నమని చెప్పుండ్రి. కండ్లకు పడ్డది. గుడ్డతోని తుడిస్తె వోదది."

నేను చెప్తానన్నాను. చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలా అని వాక్యం కూర్చుకుంటున్నాను. చాక్ లాంటిది అన్న నోటితో ఇప్పుడు ఇంకోటి ఎలా అనాలి అన్నదే నా బాధ. అంతలో రాజన్న తాడు ఎత్తి, వంగి, లోపలికి నడిచాడు. అమ్మాయిలు తిరిగి చూశారు. ఎవరో అరిచారు. అతను ఆగకుండా మేబెల్ ముందుకెళ్లి, చేతులు రెండూ జోడించి, తనకి వచ్చిన హిందీలో చెప్పాడు.

"మేడమ్, చూనా హై. చూనా. పానీ, బహుత్ పానీ."

మేబెల్‌కి హిందీ రాదు. ఆమె అతని మొహం చూసి, తర్వాత నా వైపు చూసింది. అక్కడ ఆ రెండు భాషలూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది చాక్ కాదు, ఇళ్లకి వాడే సున్నం, కంటిని కాలుస్తుంది, నిన్న నేనే వేయమన్నాను అని అరిచాను. అప్పటికి ఆరూ నలభై ఆరు. మైదానం గడియారం ఆమె తల వెనకే ఉంది.

తర్వాత జరిగినదాంట్లో ఆలస్యం లేదు. మేబెల్ గ్రేస్‌ని కుడిపక్కకి తల వాల్చి పడుకోబెట్టింది. మా తాగునీటి పెద్ద సీసాలు రాజన్న మోసుకొచ్చి, సన్నటి ధారగా ముక్కు వైపు నుంచి బయటికి పారేలా పోశాడు. తాపీ పనిలో చేతికి వచ్చిన నిలకడ అది, ధార ఒక్కసారి కూడా తెగలేదు. మేబెల్ పైరెప్ప తిరగేసి, దూదితో లోపల ఇరుక్కున్న సున్నపు రేణువులు తీసింది. నా చేతిలో పట్టీల డబ్బా చూసి, అదేమిటని అడిగి లాక్కుంది. కొత్త పట్టీ కింది రెప్ప లోపల ఆనించి చూసింది, నీలం. పోలిక కోసం మంచి కంటికి ఇంకోటి ఆనించింది, లేత పచ్చ. రెండు రంగులూ ఒకటయ్యేదాకా కడగాలంది. గడ్డి కోసం మోసిన డబ్బా ఆ విధంగా పనికొచ్చింది.

ముప్పై అయిదు నిమిషాలు కడిగారు. నేను సీసాల మూతలు తీసి ఇచ్చాను. నాకు ఆ పనే మిగిలింది. మధ్యలో గ్రేస్ ఒక్కటే ప్రశ్న అడిగింది, పోటీలకి పేర్లు ఎప్పుడు పంపుతారని. గురువారం సాయంత్రం అని మేబెల్ చెప్పింది. నా కన్ను పోతుందా అని ఆ అమ్మాయి అడగలేదు. నేను మాత్రం లోపల అదే పదేపదే అడుగుతున్నాను.

ఆస్పత్రిలో సెలైన్‌తో మళ్లీ కడిగారు. నారింజ రంగు మందు వేసి, నీలి దీపంతో చూశారు. నల్లగుడ్డు పైపొర ఊడిన చోట ఆ మందు ఆకుపచ్చగా మెరుస్తుంది. వడ్లగింజంత మచ్చ ఉందని డాక్టరు చెప్పారు. లోపలికి దిగిందా, పైనే ఆగిందా అన్నది మూడు రోజులకి గాని తేలదన్నారు. ఎంతసేపటికి కడగడం మొదలుపెట్టారని కూడా అడిగారు. మేబెల్ నాలుగు నిమిషాలు అంది. డాక్టరు రాసుకున్నారు. సున్నం విషయంలో నిమిషాలే లెక్క అని మాత్రం అన్నారు.

మధ్యాహ్నం ముదీర్ మమ్మల్ని పిలిచారు. ఆయన ఎన్నడూ గొంతు పెంచని మనిషి. సున్నం ఎవరు వేశారని అడిగారు. రాజన్న "మైనే కియా సాబ్" అన్నాడు. ఎవరు చెప్పారంటే నా పేరు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ముదీర్ ఒక్క మాటే అన్నారు, ఖలాస్. తాడు దాటినందుకొకటి, సున్నం వేసినందుకొకటి. గల్ఫ్‌లో పనిచేసినవాళ్లకి ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు. టికెట్టు కొనిస్తారు, ఇంటికి పోవాలి.

నేను ఫోన్ సంగతి చెప్పాను. అనుమతి నాదని, తాడు దాటింది నా పని తను చేయడానికని చెప్పాను. ముదీర్ ఇదంతా రిపోర్టులో రాయమన్నారు.

ప్రమాద నివేదికలో రెండు గడులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ప్రమాదం జరిగిన సమయం. రెండోది వైద్య సిబ్బందికి కారణం తెలిపిన సమయం. మొదటి దాంట్లో 6:42 అని రాశాను. రెండో గడిలోకి వచ్చేసరికి కలం మళ్లీ ఆ అంకెల మీదికే పోయింది. అడిగేవాళ్లు లేరు. ఆ గందరగోళంలో వాచీ చూసుకున్నదెవరు? ఆరు అంకె వేసి, చుక్కలు పెట్టి, ఆగాను. గడ్డిని తన్నుతున్న మడమలు గుర్తొచ్చాయి. 6:46 అని రాశాను. ఆలస్యానికి కారణం అన్న గడిలో, సూపరింటెండెంట్ పదార్థం పేరు తప్పుగా చెప్పాడు అని రాసి సంతకం పెట్టాను.

సోమ, మంగళ, బుధ. ఆ మూడు రోజులూ పనిలో పడ్డాను. తూర్పు, పడమర గోల్‌ల ముందు గడ్డి రెండు వేళ్ల లోతున కోయించి, మట్టితో సహా తీయించి, కొత్త గడ్డి పరిపించాను. రంగు వచ్చాక గీతలు మళ్లీ గీయించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. కడుగుతూనే ఉన్నాను.

గురువారం పొద్దున గ్రేస్‌నీ మేబెల్‌నీ నేనే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాను. వాళ్లిద్దరూ లోపలికి వెళ్లాక వరండాలో కూర్చున్నాను. తలుపు తెరుచుకునే సరికి గంట గడిచింది. గ్రేస్ నల్లద్దాలు తీసి, అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని, వరండా చివర గోడ మీదున్న నోటీసుని కుడి కంటితో పై వరుస నుంచి కింది వరుస దాకా గట్టిగా చదివింది. నాకు అద్దాలున్నా ఆ కింది వరుస కనపడలేదు. చదవడం అయ్యాక మేబెల్‌తో పేరు పంపమంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. దాచుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

ఇంకో నాలుగు రోజులకి ఆమె మళ్లీ గోల్‌లోకి వచ్చింది. నేను తాడు దగ్గరికి వెళ్లి, ఇది రంగు, నీళ్లలో కలిపే రంగు, మూడు రోజుల కిందట గీశాం అని చెప్పాను. ఆమె మర్యాదగా తల ఊపింది. తర్వాత వంగి, ఒట్టి వేలితో గీతని రాసి, వేలి కొసని ఎండలో పెట్టి చూసుకుంది. రెండో వేలితో నలిపి చూసింది. అప్పుడు గ్లవ్స్ తొడుక్కుంది. శిబిరం ముగిసేదాకా రోజూ అంతే చేసింది. నన్ను మాత్రం ఎప్పుడూ అడగలేదు.

నాకు హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. పదార్థాలకి అనుమతినిచ్చే అధికారం ఏడాది పాటు తీసేశారు. రాజన్న టికెట్టు ఆగింది. అతను నా దగ్గర ఆ ఫోన్ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తితే, "పక్క సైటుల కెల్లి తెచ్చింది నేనే గద సార్" అన్నాడు.

జూలైలో ఆ జట్టు ఆట మేమిద్దరం ఆఫీసు గదిలో టీవీలో చూశాం. మొరాకో మైదానంలో అమ్మాయిలు వరసగా వచ్చారు. గ్రేస్ గోల్ దగ్గరికి నడిచి, వంగి, ఒట్టి వేలితో గీతని తాకి, వేలిని చూసుకుని, గ్లవ్స్ తొడుక్కుంది. అది ఆమె భక్తి అని, మైదానానికి మొక్కుకుంటోందని వ్యాఖ్యాత చెప్పాడు. రాజన్న తల వంచుకున్నాడు. నేనూ అంతే.

నేను 2023లో రిటైరయ్యాను. నా తర్వాత వచ్చిన అతనికి ఛార్జి అప్పగిస్తూ నీటి లెక్కలూ, గడ్డి లెక్కలూ, గీతల కొలతలూ అన్నీ రాసిచ్చాను. మొదటి పేజీలో రాసింది మాత్రం ఇంతే. గీత దేనితో గీశారని ఎవరైనా అడిగితే ముందు దాని పేరు చెప్పు. లాంటిది అనకు. ఒకసారి అంటే, ఆ తర్వాత నువ్వు నిజం చెప్పినా ఎదుటివాళ్లు వంగి వేలితో రాసి చూసుకుంటారు. వాళ్లని తప్పు పట్టే హక్కు నీకు ఉండదు.